విద్యార్థి సంపుటి
(వార్షిక మహాసభయందలి విద్యాగోష్ఠిలో చదివిన యుపన్యాసము)

విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యవర్గమువారు నన్ను గోరిరి. సంస్కృతము చదివి, ఉన్నత పాఠశాలలో చిరకాలము పిల్లలకు పాఠములు చెప్పి విరమించిన నావంటివాడు కంప్యూటరుతో సంబంధించిన విషయమును చేపట్టుట కొందరికి వింతగా దోపవచ్చును. కాని నేడు నేను మనవి చేయబోవునది యంత్రమును గూర్చి కాదు. చదివినదానిని విద్యార్థి తనదిగా జేసికొను విధమును గూర్చి. ఉన్నతవిద్యలో ఆ విధమునకు నేడు ఎలెక్ట్రానిక్ పోర్టుఫోలియో యని పేరు.

మొదట మన యింటి సంగతి చూతము. ఉపకారవేతనమునకు దరఖాస్తు చేయు విద్యార్థిని మనము ఏమడుగుచున్నాము? మార్కుల జాబితా నడుగుచున్నాము. ఆ జాబితా యసత్యము చెప్పదు. కాని యది చెప్పునది మిక్కిలి కొంచెము. మూడు గంటల కాలములో ఇన్ని ప్రశ్నలకు ఇంతమేరకు సమాధానము వ్రాసెనని మాత్రమే యది చెప్పును. ఆ బాలుడు ఏ పనిని స్వయముగా చేసెను? ఎచ్చట తడబడెను? తడబడినపిమ్మట దానిని ఎట్లు సరిదిద్దుకొనెను? ఈ ప్రశ్నలకు అందులో జవాబు లేదు. జవాబు జాబితాలో లేకపోవుట యటుండనిండు. పెక్కుమార్లు ఆ బాలునికే తెలియదు. మూడేండ్లు కళాశాలలో చదివి, మంచి తరగతిలో నుత్తీర్ణుడై, ఉద్యోగమునకు బోయి, “నీవు చేసిన యొక పనిని గూర్చి చెప్పుము” అని యడిగినంతనే నోట మాట రాక నిలుచుండు పిల్లలు మన యూళ్లలో నెందరో గలరు. వారు పని చేయకపోలేదు. చేసిన పనిని తిరిగిచూచుకొని దానికి మాటలు గూర్చు నలవాటును వారికెవ్వరును నేర్పలేదు. తల్లిదండ్రులు చదువుకొన్న యింటి పిల్లలకు ఈ యభ్యాసము భోజనపు పీటలమీదనే యలవడును. ఇంటిలో మొదటిసారిగా కళాశాల గడప త్రొక్కిన పిల్లకు దానిని విద్యాలయమే నేర్పవలెను. నేటి నా విషయమునకు మూలమిదియే.

పోర్టుఫోలియో యను మాట ఇటాలియను భాషనుండి పుట్టినది. పత్రములను మోయునది యని దాని యర్థము. అందలి ఫోలియో యను భాగమునకు మూలమైన లాటిను పదమునకు ఆకు అని యర్థము. మన పత్రశబ్దమునకు ఆకు, వ్రాసిన కాగితము అను రెండర్థము లున్నట్లే అచ్చటను జరిగినది. చిత్రకారులు, భవనశిల్పులు తమ పనులలో మేలైనవానిని ఒక యట్టల సంచిలో నుంచుకొని, పని యిచ్చువారికి చూపుట చిరకాలముగా నున్న యాచారము. తెలుగులో నేను దీనిని “విద్యార్థి సంపుటి” యని పిలుచుచున్నాను. సభవారికి ఇంతకంటె మంచి పేరు దోచిన దానినే గ్రహింతము.

ఈ సంచి చిత్రకారుని చేతినుండి విద్యార్థి చేతికి వచ్చుటలో రచనాబోధకుల పాలు గొప్పది. న్యూయార్కు రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు జేరిన స్టోనీబ్రూక్‌లో పీటర్ ఎల్బో, ప్యాట్ బెలనాఫ్ అను నధ్యాపకులు 1980 తరువాతి దశకమున ఒక మార్పు చేసిరి. ఒక్కసారి కూర్చుండి వ్రాయు అర్హతా పరీక్షకు బదులుగా, విద్యార్థి కొంతకాలముగా వ్రాసి, దిద్దుకొని, తానే యెన్నుకొన్న రచనల సంపుటిని పరిశీలించు పద్ధతి నారంభించిరి. తిరిగి వ్రాయుట రచనలో సహజమైన భాగమనియు, ఒక్క పూటలో వ్రాసినదానినిబట్టి యొకని శక్తిని నిర్ణయింపరాదనియు వారి తాత్పర్యము. పిమ్మట కంప్యూటరును, ఇంటర్నెట్టును వచ్చినవి. కాగితముల సంచి ఎలెక్ట్రానిక్ సంచి యైనది. వ్యాసముతోపాటు ఛాయాచిత్రము, స్వరము, చలనచిత్రము, లెక్కల పట్టిక, యంత్రపు నమూనా మొదలగునవి యన్నియు నందు జేర్పవచ్చును. ఏ యూరినుండి యైనను గురువు దానిని దెరచి చూడవచ్చును.

అయితే కంప్యూటరులో దాచిన దెల్ల పోర్టుఫోలియో కాదు. దీనికి నాలుగు అంగములు గలవు. మొదటిది పని: విద్యార్థి చేసిన వ్యాసము, ప్రయోగము, సర్వే, నమూనా. రెండవది ఎన్నిక: చేసినవానిలో ఏవి చూపదగినవో తానే నిర్ణయించుకొనుట. మూడవది మననము: దీనిని ఏల చేసితిని, ఎట్లు చేసితిని, ఏమి నేర్చితిని, మరల చేసిన ఏమి మార్తును అని తన మాటలతో వ్రాయుట. నాల్గవది ప్రతివచనము: గురువును, తోడి విద్యార్థియు దానిని చదివి తమ యభిప్రాయము దెలుపుట. మొదటిది మాత్రముండి తక్కినవి లేకున్న నది కొట్టుగది. మొదటి రెండు మాత్రమున్న నది ప్రదర్శనశాల. నాలుగునున్నప్పుడే యది విద్య.

ఒక యుదాహరణము దీసికొందము. ఆంధ్రప్రదేశమున 2020-21 విద్యాసంవత్సరమున డిగ్రీ పాఠ్యప్రణాళికను సవరించినప్పుడు, సామాజిక సేవా ప్రాజెక్టును, ఇంటర్న్‌షిప్పును గలిపి మొత్తము 10 మాసముల పనిని విద్యార్థులకు విధించిరి. ఒక విద్యార్థిని తన గ్రామములో త్రాగునీటిని గూర్చి సర్వే చేసినదనుకొందము. ఆమె యింటింటికి దిరిగి ప్రశ్నలడిగినది, పట్టికలు గూర్చినది, నివేదిక వ్రాసినది, కళాశాలలో నొప్పగించినది. సాధారణముగా నంతటితో ఆ నివేదిక బీరువాలోనికి బోవును. మార్కులు జాబితాలోనికి బోవును. ఆ పిల్ల తరువాతి పరీక్షకు బోవును.

ఇదే పనిని సంపుటిలో నుంచినప్పుడు ఏమగునో చూడుడు. ఆమె మొదట వ్రాసిన ప్రశ్నావళిని, దిద్దుకొన్న ప్రశ్నావళిని రెంటిని ప్రక్కప్రక్కన నుంచును. క్రింద నిట్లు వ్రాయును: “మీ యింటికి నీరు చాలునా యని మొదట నడిగితిని. అందరును చాలునని చెప్పిరి. దినమునకు ఎన్ని బిందెలు తెచ్చుకొందురు, ఎవరు తెత్తురు, ఎంతసేపు పట్టును అని మార్చి యడిగినపిమ్మట నిజము దెలిసినది. ప్రశ్న మారినచో జవాబు మారునని నేర్చితిని.” ఈ నాలుగు వాక్యములు నూరు పుటల నివేదికకంటె నామె విద్యను మనకెక్కువగా దెలుపును. ఉద్యోగమిచ్చువా డడిగినప్పుడు ఆమె నోట మాట కొరత యుండదు. దానికి బదులు, “ఈ ప్రాజెక్టు నాకు మిక్కిలి యుపయోగపడినది, నా జ్ఞానమును పెంచినది, అధ్యాపకులకు కృతజ్ఞతలు” అని వ్రాసినచో నది మననము కాదు, మర్యాద మాత్రమే. ఈ రెంటి భేదమును విద్యార్థికి జూపుటయే గురువు పని.

ఇది మనకు క్రొత్త సిద్ధాంతము కాదు. శ్రవణము, మననము, నిదిధ్యాసనము అని మన పెద్దలు మూడు మెట్లు చెప్పిరి. వారు చెప్పినది ఆత్మవిద్యను గూర్చి యైనను, ఆ క్రమము సర్వవిద్యలకును వర్తించును. నేటి కళాశాలలలో శ్రవణమునకు గంట గలదు, పరీక్షకు తేదీ గలదు. మననమునకు మాత్రము కాలపట్టికలో చోటు లేదు. పాశ్చాత్యులలో జాన్ డ్యూయీ తన “హౌ వుయ్ థింక్” గ్రంథమున, 1933లో సవరించి ప్రకటించిన కూర్పునందును, ఆలోచనాపూర్వకమైన విద్యను విస్తరించి చెప్పెను. డొనాల్డ్ షాన్ 1983లో వెలువరించిన గ్రంథమున, వైద్యులు, శిల్పులు మొదలగు వృత్తికారులు పని చేయుచునే యెట్లాలోచింతురో వివరించెను. న్యూజీలండు దేశమున కొన్ని విశ్వవిద్యాలయములు గలిసి 2006లో పోర్టుఫోలియోలకొక సాఫ్ట్‌వేరును నిర్మింప నారంభించి, దానికి “మహరా” యని పేరిడినవి. అది యచ్చటి మావోరీ భాషాపదము. ఆలోచించుట యని యర్థము. ఎవరైనను వెల చెల్లింపక వాడుకొనునట్లు ఆ సాఫ్ట్‌వేరు వెలువడినది. యంత్రమును గట్టినవారే దానికి యంత్రపు పేరు పెట్టక ఆలోచన పేరు పెట్టుట గమనింపదగినది.

అనుభవమున దీని ఫలమెట్టిదని మీరడుగవచ్చును. న్యూయార్కు నగరమున లగార్డియా కమ్యూనిటీ కాలేజి యనునదొకటి గలదు. అందు జదువువారిలో పలువురు అన్యదేశములనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములవారు. ఇంటిలో మొదటిసారి కళాశాలకు వచ్చినవారు. 2000 దశకపు తొలి సంవత్సరములనుండి ఆ కళాశాలవారు పోర్టుఫోలియోలను విరివిగా వాడిరి. బ్రెట్ ఐనన్, లారా గాంబీనో అనువారు 24 విద్యాసంస్థలను గలుపుకొని పని చేసి, తమ యనుభవమును 2017లో గ్రంథముగా బ్రకటించిరి. అన్వేషణము, మననము, సమన్వయము అను మూడును కుదిరిన చోటనే ఇది ఫలించునని వారి నిర్ణయము. అమెరికా కళాశాలల సంఘము 2009లో, విద్యార్థుల పనిని పరిశీలించుటకు “వాల్యూ” అను కొలమానములను వెలువరించినది. విద్యార్థులకు గాఢముగా నుపకరించు పది బోధనాచారములను 2008లో జార్జి కూ యనువారు ఆ సంఘము పక్షమున వివరించియుండగా, 2016లో ఎలెక్ట్రానిక్ పోర్టుఫోలియో పదునొకండవదిగా జేరినది. అయితే శ్రద్ధతో చేసినప్పుడే ఈ గుణమని వారందరును హెచ్చరించుచునే యున్నారు. ఒక్క యధ్యాపకుడు ఒక్క సెమిస్టరులో చేయించి విడిచిన యది మరియొక హోంవర్కు మాత్రమగును.

మన దేశమున దీనికి దారి యేర్పడియే యున్నది. 2020 జాతీయ విద్యావిధానము పాఠశాల విద్యార్థి ప్రగతిపత్రమున స్వీయమూల్యాంకనమును, తోడివారి మూల్యాంకనమును జేర్పవలెననుచు పోర్టుఫోలియో యను మాటనుగూడ వాడినది. 2019లో ఎం.బి.బి.ఎస్. విద్యకు వచ్చిన క్రొత్త పాఠ్యప్రణాళికలో లాగ్‌బుక్కునకు ప్రాధాన్య మిచ్చిరి. 2015లో డిజీలాకరును, 2021లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము నియమములచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అను నేర్పాటును వచ్చినవి. ఇచ్చట నొక్క భేదమును గుర్తెరుగవలెను. డిజీలాకరు పట్టాలను భద్రపరచును. క్రెడిట్ల బ్యాంకు విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను జమకట్టును. అవి రెండును ఇతరులు విద్యార్థిని గూర్చి చెప్పిన మాటలు. పోర్టుఫోలియో విద్యార్థి తన్ను గూర్చి తాను చెప్పుకొను మాట. మొదటివానితో రెండవది తీరదు.

ఇక నాక్షేపణలు. మొదటిది: మన కళాశాలలలో రికార్డు వ్రాయుట యెట్లు జరుగునో అందరికిని తెలిసినదే. ఒకరి రికార్డును చూచి పదుగురు వ్రాయుదురు. 2022 నవంబరులో ఛాట్‌జీపీటీ వచ్చినపిమ్మట చూచి వ్రాయు శ్రమయు తగ్గినది. అడిగిన క్షణమున మననమును గూడ యంత్రమే వ్రాసి యిచ్చును. కావున ఈ సంపుటి మరియొక బూటకము కాదా యని ప్రశ్న. ఇది కొట్టివేయదగినది కాదు. దీనికి ప్రత్యుత్తరము మన సంప్రదాయములోనే యున్నది. మిథిలలో శలాకాపరీక్ష యనునది యుండెడిదని ప్రసిద్ధి. తాళపత్ర గ్రంథమున పరీక్షకుడు శలాక నొకదానిని గ్రుచ్చును. ఏ యాకు దగిలిన ఆ యాకులోని విషయమును విద్యార్థి వ్యాఖ్యానింపవలెను. నేటికిని సంస్కృత శాస్త్రస్పర్ధలలో శలాకాస్పర్ధలు జరుగుచున్నవి. పోర్టుఫోలియోను గూడ అట్లే పరీక్షింపవలెను. గురువు సంపుటిలో నేదో యొక పుటను దెరచి, “ఈ పట్టికలో నీ సంఖ్య యెట్లు వచ్చినది? ఈ చిత్రమును ఏ దినమున దీసితివి? దీనినే యేల నెన్నుకొంటివి?” అని పది నిమిషము లడిగిన చాలును. స్వయముగా జేసినవాడు తడుముకొనియైనను చెప్పగలడు. చేయనివాడు ఎంత యందముగా వ్రాయించుకొన్నను చెప్పలేడు. ముఖాముఖి ప్రశ్న లేని సంపుటిని నేనును సమర్థింపను.

రెండవ యాక్షేపణ భాషను గూర్చి. ఇంగ్లీషులో నాలుగు వాక్యములు కూర్చలేని పిల్ల మననమును ఇంగ్లీషులోనే వ్రాయవలెనన్న, ఆమె యాలోచనను వ్రాయక తెలిసిన వాక్యములను వ్రాయును. మొదట తెలుగులో వ్రాయనిండు. వ్రాయుటకు సంకోచించినచో చేతిఫోనులో తన స్వరమునే రికార్డు చేయనిండు. ఆలోచన నిలిచినపిమ్మట ఇంగ్లీషు దానివెంట వచ్చును.

మూడవది పేదరికము. అందరికిని ల్యాప్‌టాపు లేదు. కొందరి యిండ్లలో ఫోను ఒక్కటే, అదియు తండ్రితో పొలమునకు బోవును. కావున సంపుటి చిన్నదిగా నుండవలెను. సంవత్సరమునకు మూడు పనులు, పనికొక పుట మననము చాలును. నోటుపుస్తకములో వ్రాసి, వారమున కొకసారి ఛాయాచిత్రము దీసి యెక్కించినను చాలును. అలంకారములను జూచి గుణము నిర్ణయించుట మొదలైనదా, కలిగినవారి పిల్లలే గెలుతురు. మన యుద్దేశము తలక్రిందగును.

నాల్గవది భద్రత. ఇంటర్నెట్టులో బెట్టినది లోకమంతయు జూచునేమో యని తల్లిదండ్రులకు, ముఖ్యముగా ఆడపిల్లల తల్లిదండ్రులకు, భయము గలదు. ఆ భయము న్యాయమైనది. ఎవరు చూడవచ్చునో నిర్ణయించు నధికారము విద్యార్థిచేతిలో నుండవలెను. గురువునకు మాత్రమే తెరచి తక్కినవారికి మూసియుంచుట సాధ్యమే. సర్వేలో మాటలాడిన గ్రామస్థుల పేర్లను, ముఖచిత్రములను వారి యనుమతి లేక యుంచరాదు. వ్యక్తుల సమాచార రక్షణమునకై 2023లో మన పార్లమెంటు చట్టమునుగూడ చేసినది. మరియొక జాగ్రత్త గలదు. ఒక్క కంపెనీని నమ్మి సర్వమును దానియొద్దనే యుంచరాదు. జియోసిటీస్ అను ప్రసిద్ధమైన యుచిత వేదికను, లక్షలకొలది జనులు తమ పుటలను దానిలో నుంచుకొనియుండగా, యాహూవారు 2009లో మూసివేసిరి. కావున ప్రతి సంపుటికి వేరొకచోట నొక ప్రతి యుండి తీరవలెను.

కడపటి యాక్షేపణ అధ్యాపకులది: అరువదిమంది సంపుటులను ఎవరు చదువుదురు? ఈ ప్రశ్నకు నేను సభవారి యెదుట నొక ప్రత్యుత్తరమును సమర్పింపదలచినాను. నేటి నా విన్నపమంతయు నిదియే.

మన సభ్యులలో విరమించిన ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, వైద్యులు, బ్యాంకు ఉద్యోగులు, వ్యవసాయమున నారితేరిన పెద్దలు పలువురు గలరు. ఒక్కొక్కరు అయిదుగురు విద్యార్థులను స్వీకరింపుడు. సంవత్సరమునకు రెండుమార్లు వారి సంపుటులను జదివి, మెప్పుదలతో ప్రారంభించి, రెండు ప్రశ్నలు వ్రాసి పంపుడు. సమాధానములు చెప్పవలదు; ప్రశ్నలు చాలును. విదేశములలో నున్న మన పిల్లలును ఈ పనిలో పాల్గొనవచ్చును. దానికి విమానపు టిక్కెట్టు అక్కరలేదు. ఉపకారవేతన సంఘమువారు మార్కుల జాబితాతోపాటు మూడు పనుల సంపుటిని గూడ గోరి, పది నిమిషములు ముఖాముఖి ప్రశ్నింతురు గాక. తొలి సంవత్సరమున సంపుటి లేదని యెవరి వేతనమును నిలుపరాదు. అలవాటు చేయుట మన యుద్దేశము, వడపోయుట కాదు. పోషకులలో నుదారులు విద్యార్థి వసతిగృహమున రెండు కంప్యూటర్లు, ఒక స్కానరు, ఇంటర్నెట్టు నేర్పాటు చేసినచో, బంగారు పతకముకంటె నది యెక్కువ కాలము నిలుచును.

చిరంజీవులారా, మీకొక్క మాట. ఈ సంపుటి మా మెప్పుకొరకు కాదు, ఉద్యోగమిచ్చువాని మెప్పుకొరకును ముందుగా గాదు. మీరు చెడగొట్టి దిద్దుకొన్న పనిని దాచకుడు, దానిని ముందుంచుడు. ఆ దిద్దుబాటులోనే మీ విద్య కనబడును. నేడు రాత్రియే ఒక నోటుపుస్తకము దెరచి, ఈ వారము చేసిన యొక్క పనిని గూర్చి అయిదు వాక్యములు వ్రాయుడు. కంప్యూటరు తరువాత వచ్చును.

మార్కుల జాబితాను విశ్వవిద్యాలయ మిచ్చును. పట్టాను ప్రభుత్వము భద్రపరచును. తాను నేర్చినదానిని తన నోట చెప్పగల శక్తిని మాత్రము, చదివి ప్రశ్నించు పెద్దయొకరు ఎదుటనున్నప్పుడే బిడ్డలు సంపాదింతురు. ఆ పెద్దలు ఈ సభలోనే గలరని నమ్మి నా విన్నపమును మీ ముందుంచితిని.